ఫంక్షన్‌కూ పుట్టిన తేదీ ఉంటుంది

మ్యాక్ కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసేవాళ్ల దగ్గర టైమ్ డాట్ హెచ్ అనే హెడర్ ఫైలు ఉంటుంది. అందులో క్లాక్ గెట్‌టైమ్ అనే ఫంక్షన్ ముందు ఒక చిన్న మాక్రో కనిపిస్తుంది. దాన్ని విప్పి చూస్తే నాలుగు అంకెలు బయటపడతాయి. మ్యాక్ ఓఎస్ 10.12, ఐఓఎస్ 10.0, టీవీ ఓఎస్ 10.0, వాచ్ ఓఎస్ 3.0. ఆ ఫంక్షన్ ఎక్కడెక్కడ ఏ వెర్షన్‌లో పుట్టిందో చెప్పే జాతకచక్రం అది. ఫంక్షన్ చేసే పని చిన్నదే: గడియారం చూసి నానోసెకన్ల దాకా టైము చెప్పడం. లినక్స్ వాళ్లు ఏళ్ల తరబడి వాడుకుంటున్నదే. మ్యాక్‌కు మాత్రం 2016 సెప్టెంబరులో 10.12తో, అంటే సియెరాతో వచ్చింది.

వచ్చీ రావడంతోనే ఎన్నో ప్రోగ్రాములను కూల్చింది. కూలింది సియెరా మీద కాదు, దానికి ముందున్న 10.11, అంటే ఎల్ క్యాపిటన్ మీద.

ఏం జరిగిందంటే, ఆ ఏడాది వచ్చిన ఎక్స్‌కోడ్ 8 అనే యాపిల్ ప్రోగ్రామింగ్ పనిముట్టు ఎల్ క్యాపిటన్ మీద కూడా నడిచేది. కానీ అందులో ఉన్న మ్యాక్ ఎస్‌డీకే మాత్రం 10.12ది. ఎస్‌డీకే అంటే సిస్టమ్‌లో ఏమేం దొరుకుతాయో చెప్పే హెడర్లు, లైబ్రరీ జాబితాలు కలిపిన కట్ట. యూనిక్స్ లోకంలో చాలా సాఫ్ట్‌వేర్ కంపైల్ చేసే ముందు కాన్ఫిగర్ అనే స్క్రిప్టును నడుపుతుంది. ఆ స్క్రిప్టు పదార్థం ఉందో లేదో చూసి వంట మొదలుపెట్టే మనిషి లాంటిది. ఫలానా ఫంక్షన్‌ను పిలిచే నాలుగు లైన్ల ప్రోగ్రాము రాసి, అది లింక్ అయితే ‘ఉంది’ అని రాసుకుంటుంది. ఎస్‌డీకే జాబితాలో పేరుంది కాబట్టి ఉందనే రాసుకుంది. నడిచేది మాత్రం ఆ ఫంక్షనే లేని 10.11 మీద.

ఆ తర్వాత రెండు రకాల చావు. కనీస వెర్షన్ చెప్పకుండా కొత్త మెషిన్ మీద కంపైల్ చేసి పాతదాని మీదకు తీసుకెళితే, డీవైఎల్‌డీ అనే లోడర్ ‘సింబల్ నాట్ ఫౌండ్’ అని చెప్పి ప్రోగ్రామును ఆపేస్తుంది. అప్పట్లో అదీ మొదట్లోనే ఆపేది కాదు. ఫంక్షన్‌ను మొదటిసారి పిలిచినప్పుడే వెతికేది కనక, అప్పటిదాకా ప్రోగ్రాము చక్కగా నడుస్తున్నట్టే కనిపించేది. కనీస వెర్షన్ 10.11 అని ముందే చెప్పి కంపైల్ చేస్తే ఇంకో తీరు. హెడర్లోని జాతకం చూసి కంపైలర్, ‘ఇది 10.11లో ఉండకపోవచ్చు’ అని గ్రహించి ఆ పేరును వీక్ లింకింగ్‌తో కట్టేస్తుంది. మామూలు లింక్ ‘ఈ ఫంక్షన్ లేనిదే నేను నడవను’ అంటుంది. వీక్ లింక్ ‘ఉంటే చిరునామా ఇవ్వు, లేకపోతే సున్నా వెయ్యి’ అంటుంది. ఆ సున్నాను చూసుకోకుండా దూకితే అక్కడ నేల ఉండదు.

వీక్ లింకింగ్ మ్యాక్‌లో 10.2 కాలం నుంచీ ఉన్న సదుపాయం. ఒకే ప్రోగ్రాము కొత్త సిస్టమ్ మీద కొత్త ఫంక్షన్‌ను వాడాలి, పాతదాని మీద పాత దారిన పోవాలి అంటే అది తప్పనిసరి. తిరకాసంతా దూకే ముందు చూసుకోవడంలో ఉంది. చాలా ఏళ్లు ఆ చూసుకోవడం పూర్తిగా ప్రోగ్రామర్ జ్ఞాపకం మీదే నడిచింది. సీ భాషలో ఫంక్షన్ చిరునామా సున్నానా అని పోల్చేవారు. ఆబ్జెక్టివ్ సీలో ‘ఈ మెసేజ్‌కు నువ్వు స్పందిస్తావా’ అని వస్తువునే అడిగేవారు. ఈ రెండో పద్ధతిలో ఒక ఉచ్చు ఉండేది. ఇప్పుడు బాహాటంగా ఇచ్చిన మెథడ్, అదే పేరుతో పాత వెర్షన్‌లో లోపల్లోపల దాగి ఉండవచ్చు. అడిగితే ‘స్పందిస్తాను’ అనే అంటుంది, చేసే పని మాత్రం వేరుగా ఉండవచ్చు. పైగా అసలు అడగడమే మరిచిపోతే గుర్తుచేసే నాథుడు లేడు.

విండోస్‌లోనూ ఇదే కథ. విస్టాతో వచ్చిన గెట్ టిక్ కౌంట్ 64ను నేరుగా పిలిచిన ప్రోగ్రాము ఎక్స్‌పీ మీద తెరుచుకోదు. ‘ప్రొసీజర్ ఎంట్రీ పాయింట్’ కనబడలేదంటూ కెర్నెల్ 32 పేరుతో ఒక పెట్టె వస్తుంది. ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చున్న తరానికి ఆ పెట్టె బాగా పరిచయం.

ఆ జ్ఞాపకం బరువును మనిషి నెత్తి మీంచి దించి కంపైలర్‌కు ఎత్తడమే ఈ విద్యలో అసలు మలుపు. 2015లో యాపిల్ భాష స్విఫ్ట్ 2 ఆ పని చేసింది. రాసే లైను చాలా చిన్నది. ఇఫ్ అని రాసి, హ్యాష్ గుర్తు పెట్టి అవైలబుల్ అంటారు. బ్రాకెట్లలో ఐఓఎస్ 11, కామా, చివర ఒక నక్షత్రం. ఆ ఇఫ్ లోపల ఐఓఎస్ 11లో పుట్టినవాటిని నిస్సంకోచంగా పిలవవచ్చు. బయట పిలిస్తే ప్రోగ్రాము కంపైలే కాదు. అది వార్నింగు కాదు, ఎర్రర్.

ఆ నక్షత్రాన్ని చాలామంది అలంకారం అనుకుంటారు. అది లేకపోతే కంపైలర్ ఒప్పుకోదు. ఇక్కడ పేరు చెప్పని సిస్టమ్‌లన్నిటి మీదా ప్రాజెక్టు పెట్టుకున్న కనీస వెర్షన్ ఉంటే చాలు అని దాని అర్థం. రేపు ఇంకో కొత్త పరికరం, దానికో కొత్త ఓఎస్ వస్తాయి. వాటి పేరు ఇవాళ రాసే కోడుకు తెలియదు. అయినా ఆ కోడు అక్కడ ఏం చేయాలో ఈ నక్షత్రం ఇవాళే తేల్చిపెడుతుంది. అంత ముందుచూపు ఒక్క గుర్తులో ఇమిడ్చినవాళ్లకు నేను మనసారా దండం పెడతాను.

కంపైలర్ లోపల చేసే పని కూడా వినదగ్గదే. ఒక ఫంక్షన్‌ను పిలిచిన ప్రతి చోటా అది మూడు సంగతులు చూస్తుంది. ప్రాజెక్టు కనీస వెర్షన్ ఎంత, ఈ కోడు ఉన్న ఫంక్షన్ మీదో క్లాసు మీదో ఏదైనా వెర్షన్ ముద్ర ఉందా, చుట్టూ ఉన్న ఇఫ్ ఏ వెర్షన్‌కు హామీ ఇస్తోంది. వీటిలో అన్నిటికన్నా గట్టి హామీని తీసుకుని, పిలుస్తున్నదాని పుట్టిన వెర్షన్‌తో పోలుస్తుంది. చాలకపోతే లైను నంబరుతో సహా పట్టిస్తుంది. అక్కడితో ఆగకుండా దిద్దుబాట్లు కూడా చూపిస్తుంది: ఇక్కడే ఇఫ్ పెట్టు, లేదా ఈ మెథడ్ మీద ముద్ర వెయ్యి, లేదా క్లాసు మీదే వెయ్యి. నా మాట వింటే మొదటిదే ఎంచుకోండి. ముద్ర వేస్తే ఎర్రర్ ఇక్కడ పోయి పిలిచినవాడి దగ్గర తేలుతుంది. అలా పైపైకి నెట్టుకుంటూ పోతే, చివరికి పాత ఫోనులో ఒక స్క్రీన్ మొత్తం మాయమవుతుంది.

సీ, ఆబ్జెక్టివ్ సీ భాషలకు ఈ పరీక్ష 2017లో ఎక్స్‌కోడ్ 9తో అందింది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. దశాబ్దాల పాత కోడు మీద ఒక్కసారిగా వార్నింగుల వరద పారకూడదని, ఐఓఎస్ 11, మ్యాక్ 10.13, ఆ తర్వాత పుట్టినవాటిని మాత్రమే మామూలుగా పట్టుకునేలా పెట్టారు. అంటే మనం మొదట చెప్పుకున్న క్లాక్ గెట్‌టైమ్, 10.12ది కాబట్టి, ఆ వలలోంచి జారిపోతుంది. దాన్నీ పట్టాలంటే అన్‌గార్డెడ్ అవైలబిలిటీ అనే పూర్తి వార్నింగును మనమే ఆన్ చేసుకోవాలి.

ఇంకో సంగతి. పరీక్ష ఫలితాన్ని ఒక వేరియబుల్‌లో దాచుకుని తర్వాత వాడతానంటే ఈ భాషల కంపైలర్ క్లాంగ్ వార్నింగు ఇచ్చి, ఇఫ్‌లోనే నేరుగా రాయమంటుంది. కొందరికి ఇది చాదస్తంగా తోస్తుంది. నాకు అలా తోచదు. వేరియబుల్ ఎక్కడెక్కడికో తిరిగి వస్తుంది, ఆ తిరుగుడంతా వెంటాడి హామీ ఇవ్వడం కంపైలర్ తరం కాదు. తనకు తెలిసినంత మేరకే హామీ ఇచ్చే పనిముట్టునే నమ్మవచ్చు.

ఈ పద్ధతిని ఎంత శ్రద్ధగా వాడవచ్చో పైథాన్ వాళ్లు 3.9.1తో చూపించారు. 2020 డిసెంబరులో వచ్చిన ఆ వెర్షన్‌ను మ్యాక్ ఓఎస్ 11 మీద కంపైల్ చేసినా పాత మ్యాక్‌ల మీద నడిచేలా వీక్ లింకింగ్, వెర్షన్ పరీక్షలు కలిపి కట్టారు. సిస్టమ్ పాతదైతే టైమ్ మాడ్యూల్ లోడయ్యేటప్పుడే పైథాన్ అందులోంచి క్లాక్ గెట్‌టైమ్ అనే పేరునే తీసేస్తుంది. దాంతో పైథాన్ వాడే మనిషి ‘ఈ పేరు ఉందా’ అని అడిగితే నిజమైన జవాబు వస్తుంది.

ఇదంతా యాపిల్ గొడవ, మనది ఆండ్రాయిడ్ కదా అనుకునేవాళ్లు 2024 సంగతి వినాలి. కాట్లిన్ భాషలో జాబితా మొదటి అంశాన్ని తీసేయడానికి రిమూవ్ ఫస్ట్ అనే ఫంక్షన్ ఉంది, అది కాట్లిన్ సొంత లైబ్రరీది. ఆండ్రాయిడ్ 15తో జావా జాబితాకే అదే పేరుతో మెథడ్ వచ్చింది. రెండూ ఉంటే వస్తువు సొంత మెథడ్‌కే కాట్లిన్ పెద్దపీట వేస్తుంది. అందువల్ల కోడులో ఒక్క అక్షరం మార్చకుండా, కంపైల్ ఎస్‌డీకేను 35కు పెంచినంత మాత్రాన, నిన్నటిదాకా ఎక్కడైనా నడిచిన లైను ఆండ్రాయిడ్ 14 మీద, అంతకు ముందువాటి మీద నో సచ్ మెథడ్ ఎర్రర్‌తో కూలుతుంది. దీన్ని పట్టుకునేది, కోడును తనిఖీ చేసే లింట్ అనే పనిముట్టులోని న్యూ ఏపీఐ అనే పరీక్ష. మందు మాత్రం తేలిక: రిమూవ్ ఎట్ అని రాసి సున్నా ఇస్తే సరి.

మా పెద్దమ్మ వాడే ఫోను ఆమె మనవడు వాడి ఇచ్చినది. కొన్నాళ్ల కిందట అందులో ఒక యాప్ అప్‌డేట్ అయ్యాక తెరుచుకోవడం మానేసింది. తన వేలు సరిగా పడటం లేదేమోనని ఆమె వేలిని చీర చెంగుకు తుడుచుకుని మళ్లీ మళ్లీ నొక్కింది. తప్పు తనదే అనుకుంది. ఆ యాప్ ఎందుకు కూలిందో నాకు తెలియదు కానీ, ఆ దృశ్యం చూశాక ఈ పరీక్షల విలువ నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మన ఊళ్లలో ఫోను ఒకరి చేతిలోనే ముసలిదవదు. కొడుకు నుంచి తల్లికి, అన్న నుంచి చెల్లికి దిగుతూ పోతుంది. కనీస వెర్షన్‌ను ఒక అంకె పెంచేస్తే ఎర్రర్లన్నీ చిటికెలో పోతాయి, నిజమే. వాటితో పాటు ఆ తల్లీ చెల్లీ కూడా పోతారు.

కంపైలర్ చేయలేనివీ ఉన్నాయి. ఫంక్షన్ పాత వెర్షన్‌లో ఉండి తప్పుగా పనిచేస్తుంటే దానికి కనబడదు. హెడర్లో వేసిన అంకె తప్పయితే తీర్పూ తప్పే. ఇఫ్ కుదరనప్పుడు పోయే ఎల్స్ వైపు ఏం రాశామో, ఖాళీగా వదిలేశామో కూడా అది అడగదు. ఆ దారి ఉందన్న మాట మాత్రమే గుర్తుచేస్తుంది.

అందుకే ప్రోగ్రాములు రాసే మన పిల్లలకు ఒక విన్నపం. మీ ప్రాజెక్టులో ఆ అన్‌గార్డెడ్ అవైలబిలిటీ పూర్తి వార్నింగును ఇవాళే ఆన్ చేసి, ఎర్రర్‌గా మార్చండి. లింట్ న్యూ ఏపీఐని నోరు మూయించిన చోట్లు ఎన్నున్నాయో వెతికి ఒక్కొక్కటీ తెరవండి. ఇంట్లో సొరుగులో పడున్న పాత ఫోనుకు ఛార్జింగు పెట్టి, మీ యాప్‌ను దాని మీద ఎక్కించి, ఎల్స్ దారిని ఒక్కసారి మీ చేత్తో నడిపి చూడండి.