అతుకు కనిపించని పని

సాంచా (మరమగ్గం) మీద పడుగు చుట్టిన బీము అయిపోవస్తే, పని తెలిసినవాడు పాత పడుగును అచ్చులోంచి పూర్తిగా లాగెయ్యడు. కొసలు వదులుతాడు. వేళ్లకు బూడిద అద్దుకుని, ఒక్కో పాత కొసకు ఒక్కో కొత్త పోగును మెలిపెట్టి అతుకుతాడు. ఒక్క పోగు తప్పినా గుడ్డలో చార పడుతుంది.

1988లో ముంబై పక్కనున్న భివండికి డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే పనితనం గురించి చదివినప్పుడల్లా నాకు ఈ అచ్చు అతకడమే గుర్తొస్తుంది.

ఈ ఊరు మనకు కొత్తది కాదు. తెలంగాణ పద్మశాలీలు తరాలుగా బతుకుతున్న పద్మానగర్ ఇక్కడే ఉంది. సాంచాల యజమానుల్లో చాలామంది ఒకప్పుడు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మోమిన్ ముస్లింలు. ఒకరి నూలు, ఒకరి సాంచా, ఇంకొకరి చెయ్యి. ఇంత ముడిపడి ఉండి కూడా 1970 మేలో శివాజీ జయంతి ఊరేగింపు నాడు హిందూ ముస్లిం అల్లర్లతో ఊరు తగలబడింది. 1984 మేలో మళ్లీ. షిఫ్టు దిగితే ఎవరి మొహల్లా వారిదే. కూలి కలిపిన మనుషుల్ని కూలి కాపాడలేకపోయింది.

ఖోపడే ఆ లోటును పట్టుకున్నారు. 70 మొహల్లా కమిటీలు వేశారు. ఆయా పేటల్లో నలుగురూ మాట వినే హిందువులను, ముస్లింలను స్థానిక పోలీసు అధికారితో ఒకచోట కూర్చోబెట్టారు. నేరచరిత్ర ఉన్నవాళ్లను దూరంగా ఉంచారు. నాకు అన్నిటికన్నా నచ్చేది కూర్చోబెట్టిన వేళ. గొడవ మొదలయ్యాక పిలిచే శాంతి కమిటీలు దేశమంతా ఉన్నాయి. అక్కడ ముఖాలే కొత్త. ఇక్కడ ఏ గొడవా లేని రోజుల్లోనే కలిశారు, మళ్లీ మళ్లీ కలిశారు, పేటలో ఉన్న కష్టసుఖాలు మాట్లాడుకున్నారు. అలా పేరు పెట్టి పిలుచుకునేంత దగ్గరయ్యారు. పుకారు పుట్టినప్పుడు ‘నిజమేనా?’ అని అడగడానికి అవతలి పేటలో ఒక మనిషి, ఎంత పోలీసు బలగం దింపినా దొరకడు. పండితుడు అశుతోష్ వార్ష్ణేయ్ 2002లో వచ్చిన తన పుస్తకంలో హిందూ ముస్లిం సంబంధాలను పరిశీలిస్తూ ఈ ఊరి అనుభవాన్నీ లెక్కలోకి తీసుకున్నారు.

1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూలింది. పక్కనే ఉన్న ముంబైలో ఆ నెలా మరుసటి నెలా చెలరేగిన అల్లర్లలో సుమారు 900 మంది చనిపోయారు. రెండుసార్లు కాలిన భివండి మాత్రం ఈసారి కాలలేదు.