పదునులో మెరుపు

తలకట్టు నిగనిగలాడుతుంటే ఆ ఘనతను కొబ్బరినూనెకో, కుంకుడుకాయకో, కొత్తగా వచ్చిన షాంపూకో కట్టబెట్టడం అందరికీ అలవాటే గాని, నెలకో రెండు నెలలకో ఒకసారి ఆ జుట్టును తాకే కత్తెర సంగతి ఎవరికీ తట్టదు. చర్మం దాటి బయటికి వచ్చిన వెంట్రుకలో జీవకణం ఒక్కటి కూడా ఉండదు కనుక, కత్తిరించినంత మాత్రాన దానికి బలమూ రాదు, పోషణా అందదు. కత్తెర చేయగలిగినదల్లా వెంట్రుకకు పుట్టుకతో వచ్చిన నునుపును చెడగొట్టడం, లేదా చెడగొట్టకుండా వదిలిపెట్టడం. ఈ రెండింటిలో ఏది జరుగుతుందన్నది కొంత చేతివాటం మీద, ఎక్కువగా సానరాతి మీద ఆధారపడి ఉంటుంది.

వెంట్రుక మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు నుంచి పదో వంతు దాకా ఉంటుంది. దాని లోపల కెరటిన్ అనే మాంసకృత్తి పోగులు దారపు కట్టలా నిలువుగా అమరి ఉంటే, పైన క్యూటికల్ అనే పొలుసుల పొర, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదానిపై ఒకటి ఒరిగి, కుదురు నుంచి చివరి వైపుకు పరచుకుని ఉంటుంది. ఒక్కో పొలుసు మందం సుమారు అర మైక్రాను, అంటే మిల్లీమీటరులో రెండు వేలవ వంతు. ఈ పొలుసులు చదునుగా అణిగి ఉన్నంతకాలం మీద పడిన వెలుతురు ఒకే దిక్కుగా తిరిగి వెళ్లి మెరుపుగా కనిపిస్తుంది. అవి లేచినా, రాలినా వెలుతురు నలుదిక్కులా చెదిరి జుట్టు వెలవెలబోతుంది. నల్లని జుట్టు లోపలికి చొరబడిన వెలుతురును చాలావరకు తనలోనే ఇముడ్చుకుంటుంది కాబట్టి పైపొర మెరుపు దానిలో మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అదే కారణంగా లోపమూ తొందరగా బయటపడుతుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుందనుకుంటే, అరవై సెంటీమీటర్ల జడ చివర ఉన్న భాగం అయిదేళ్ల కిందట మొలిచినది, అయిదేళ్ల దువ్వెనలనూ ఎండనూ తువ్వాలు రాపిడినీ తిన్నది. కత్తెర పడేది సరిగ్గా ఆ అలసిన చోటనే.

కత్తెరను కాస్త దగ్గరగా చూడాలి. మంచి కత్తెర అలుగులు రెండూ పూర్తిగా తిన్నగా ఉండవు. ఒకదానికొకటి ఎదురుగా సన్నని వంపు తిరిగి ఉంటాయి కనుక, మూసేటప్పుడు అవి ఒక్క బిందువు దగ్గరే కలుస్తూ, ఆ బిందువు మర దగ్గర నుంచి మొన దాకా జారుతూ పోతుంది. మర వదులైతే ఆ కలయిక చెడి, వెంట్రుక తెగడానికి బదులు రెండు అలుగుల నడుమ మడతపడుతుంది. ఎండువెదురు చివర మొద్దుకత్తి వేస్తే చీలిక పైకి పాకినట్టే, నమిలినట్టుగా తెగిన వెంట్రుక చివర పొలుసులు ఊడి, లోపలి నిలువు పోగులు విడివడి, తర్వాతి వారాల్లో దువ్వెన తగిలిన ప్రతిసారీ ఆ చీలిక కుదురు వైపుకు ఎగబాకుతుంది. ఆడవాళ్లు చివర్లు చిట్లడం అనేది దీన్నే. దీనికి ఎండ, రంగులు, అతిగా దువ్వడం వంటి కారణాలూ ఉన్నాయి గాని, మొద్దు కత్తెర వాటికి తలుపు తీసి పెడుతుంది. పదును తెలుసుకోవడానికి పనివాళ్లకు ఒక సులువైన పరీక్ష ఉంది: తడిపిన టిష్యూ కాగితాన్ని మొన దాకా కోయాలి, ఎక్కడైనా కాగితం మడతపడితే అలుగుకు అక్కడ నొక్కు పడిందన్నమాట.

అంచును తీర్చే పద్ధతుల్లోనూ తేడా ఉంది. బయటివైపు ఆల్చిప్పలా ఉబ్బెత్తుగా అరగదీసిన అంచును జపానువారు ‘హమగురిబా’ అంటారు, ఆ మాటకు అర్థం కూడా ఆల్చిప్ప అంచు అనే. వెంట్రుకల మీద జారిస్తూ కోసే పనికి ఇదే తగినది. ఏటవాలుగా చెక్కి, సన్నని గరుకు గీతలు పెట్టిన అంచు వెంట్రుకను జారిపోకుండా పట్టి ఉంచుతుంది గనుక తిన్నగా కోయడానికి బాగుంటుంది గాని, దాన్ని జారిస్తే పొలుసులను గీరుతుంది. ఆల్చిప్ప అంచున్న ఖరీదైన కత్తెరను, కూరగాయల కత్తులు పట్టే చక్రం మీద పెట్టి నిప్పురవ్వలు ఎగరేయిస్తే, ఉబ్బు అరిగిపోయి ఏటవాలు మాత్రమే మిగులుతుంది. పదును వచ్చినట్టే ఉంటుంది, కత్తెర మాత్రం వేరైపోతుంది.

అసలు ఉక్కు కన్నా ఎంతో మెత్తనైన వెంట్రుక ఉక్కు అంచును ఎలా మొద్దుబారుస్తుందన్న ప్రశ్నకు, 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఆసక్తికరమైన సమాధానం ఇచ్చారు. బ్లేడు ఉక్కు వెంట్రుక కన్నా దాదాపు 50 రెట్లు గట్టిదైనా, అంచుకు వెంట్రుక వాలుగా వంగి తగిలినప్పుడు, ఉక్కు నిర్మాణం సమంగా లేని చోట్ల సూక్ష్మమైన పెచ్చులు ఊడిపోతాయని వారు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూపించారు. పాతకాలపు క్షురకుడు మంగలికత్తిని ప్రతి గడ్డానికీ ముందు తోలుపట్టీ మీద అటూ ఇటూ రాయడం వట్టి అలవాటు కాదని, కంటికి కనబడని అంచును ప్రతిసారీ తీర్చుకునే పని అని దీన్నిబట్టి చెప్పవచ్చు. వ్యాధుల భయంతో మార్చుకునే బ్లేడు వచ్చి పట్టీని సాగనంపింది. అది మంచిదే, ఆ బ్లేడును నిజంగా మార్చే చోట. కత్తెరకు మాత్రం అలాంటి మార్పిడి సౌకర్యం సాధారణంగా ఉండదు.

పనితీరు విషయానికి వస్తే, మెరుపు ఒక్క వెంట్రుకది కాదు, పక్కపక్కన పడుకున్న వేల వెంట్రుకలది. ఒకే గీతకు తిన్నగా కోసిన జుట్టు బరువుగా కిందికి దిగి, ఒక పట్టుగుడ్డలా వెలుతురును తిప్పికొడుతుంది. 1960లలో లండనులో కేశాలంకార నిపుణుడు విడాల్ ససూన్ పేరు మోగింది ఇందుకే: పిన్నులూ స్ప్రేలూ లేకుండా, కోతలోని రేఖాగణితం వల్లనే జుట్టు తనంతట తాను చోటులో పడాలని ఆయన పట్టుబట్టాడు. ఇందుకు భిన్నంగా, ఒత్తు తగ్గించమని అడిగినవారికి పళ్లున్న థిన్నింగ్ కత్తెరను కుదుళ్ల దాకా ఆడిస్తే, లోపల మిగిలిన పొట్టి వెంట్రుకలు పొడవాటివాటిని ఎత్తిపట్టి, జుట్టు పలచబడుతుంది గాని చింపిరిగానూ మారుతుంది. బ్లేడుతో చివర్లను సన్నగా గీసే పద్ధతి తడి జుట్టు మీద, కొత్త బ్లేడుతో, తిన్నని వెంట్రుకలకైతే చెల్లుతుంది. ఉంగరాల జుట్టు మీద అదే పని పొలుసులను పొడవునా చెక్కివేస్తుంది. క్లిప్పర్ల గురించి ఇక్కడ ఎక్కువ చెప్పవలసింది లేదు: మగవారి పొట్టి క్రాపులో వెంట్రుక వయసు కొద్ది నెలలకు మించదు, అది చిట్లేలోపే మళ్లీ కటింగు వస్తుంది.

పొలుసుల దిక్కు ఎంత విలువైనదో తెలియడానికి తిరుమల కల్యాణకట్ట నుంచి వేలానికి వెళ్లే తలనీలాల వ్యాపారం చాలు. జడగానో ముడిగానో కట్టి తీసిన జుట్టులో కుదుళ్లన్నీ ఒకవైపే ఉంటాయి కనుక, విగ్గుల వ్యాపారులు దాన్ని ‘రెమీ’ అని పిలిచి ఎక్కువ ధర పెడతారు. తలకిందులుగా కలిసిపోయిన జుట్టు పొలుసులు ఒకదానికొకటి తగులుకుని చిక్కుపడతాయి గనుక, వాటిని ఆమ్లంతో కరిగించి, పైన సిలికాన్ పూత పూసి మెరిపిస్తారు. కొన్ని తలస్నానాలకు ఆ పూత పోతుంది. గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకం మాత్రం కంటి భ్రమ. పుట్టువెంట్రుకల చివర సహజంగా సూదిలా సన్నగా ఉంటుంది, గొరిగాక మొలిచేది మొండిగా, గరుకుగా తగులుతుంది. గొరగడం వల్ల వెంట్రుక మందమూ పెరిగే వేగమూ మారవని శరీరనిర్మాణ శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లోనే ప్రకటించింది. వేడి కత్తెరతో చివర్లను ముద్ర వేసినట్టు మూసేస్తామనే వాగ్దానాన్ని కూడా ఈ కోవలోనే చేర్చవచ్చు, నిర్జీవమైన మాంసకృత్తి కాలుతుందే గాని అతుక్కోదు కనుక. చిట్లిన చివరకు చీలిక ముగిసిన చోటికి కొంచెం పైన, పదునైన అంచుతో ఒక్క కోత తప్ప వేరే వైద్యం లేదు.

ఆ పదును వీధి చివరి చిన్న దుకాణంలో నిలవకపోవడానికి కారణం చాలాసార్లు జుట్టే కాదు. ఒకటే కత్తెరతో తల, మీసం, అప్పుడప్పుడు కాగితం, దారం అన్నీ కోయవలసి వస్తుంది. తలస్నానం కూడా చేయించే చోటైతే, అద్దం పక్కన వేలాడే దండలోంచి షాంపూ ప్యాకెట్టు ఒకటి తెంపి, దాని మూలను, చేతిలో సిద్ధంగా ఉన్న ఆ కత్తెరతోనే కత్తిరిస్తారు.