మాట అడిగే నేర్పు

మండపేట పొలంగట్టు మీద రైతు పక్కన కూర్చున్న భాషాశాస్త్ర ఆచార్యుడి నేర్పు చూసి తీరాలి. నాగలి కర్రు మీద వేలుపెట్టి ‘దీన్నేమంటారండీ?’ అంటాడే గానీ, తనకు తెలిసిన మాట ముందు పలకడు. పలికితే మన గోదావరి మర్యాద ఊరుకోదు, ‘అదేనండి’ అనేస్తారు. చెప్పిన మాటని చెప్పిన యాసలోనే రాసుకుంటాడు, దిద్దడు. మేడికీ కాడికీ బొమ్మ గీసి పక్కన పేరు వేస్తాడు. మళ్లీ అదే ప్రశ్న ఇంకో వీధిలో, ఇంకో పెద్దాయనకి! ఎంత ఓపిక! భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ పదకోశం ఇలా అడగడంలోంచే పుట్టింది. బడి మొహం చూడని రైతుల నోటి మాటలు అందులో అచ్చులో నిలిచాయి. ట్రాక్టరు తప్ప నాగలి ఎరగని పిల్లలకి ఇవాళ అవి అందుతున్నాయి. ఇప్పటి ఆచార్యుల చేతిలో నోటుపుస్తకంతోపాటు ఫోనూ ఉంటోంది, అడిగే తీరు మాత్రం అదే.