గట్టూ అదే, గోడా అదే

సౌదీ అనగానే మనకు ఇసుక కళ్ల ముందు ఆడుతుంది. జగిత్యాల నుంచో కడప నుంచో వెళ్లివచ్చినవాళ్లు చెప్పే కబుర్లలోనూ ఇసుకే ఎక్కువ. ఒంటెలు, గొర్రెల మందలు, ఎడారి నడుమ బోరు వేసి పెంచిన మజ్రా, అంటే పొలం. అలాంటి దేశంలో వానకు మట్టి కొట్టుకుపోకుండా రైతులు తరతరాలుగా తంటాలు పడుతున్నారంటే నమ్మబుద్ధి కాదు.

పటం తీసి ఎర్రసముద్రం పక్కన చూడండి. తాయిఫ్ నుంచి యెమెన్ సరిహద్దు దాకా గోడ కట్టినట్టు లేచిన కొండల వరుస కనబడుతుంది. అవి సరవాత్ కొండలు. అబహా పట్నం దగ్గరి జబల్ సౌదా ఎత్తు దాదాపు 3,000 మీటర్లు. మనకు వానలు తెచ్చే నైరుతి గాలుల అంచు వేసవిలో ఆ కొండలనూ కాస్త తాకిపోతుంది. రియాద్‌లో ఏడాదంతా కలిపి 100 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అబహా ఉన్న అసీర్ ప్రాంతపు ఎత్తుల్లో 300 నుంచి 500 దాకా పడుతుంది. అనంతపురం సగటు 550 దగ్గర ఉంటుంది కాబట్టి, మన కరువు జిల్లా కన్నా అక్కడ ఇంకాస్త తక్కువేనన్నమాట. ఆ వానతోనే వాళ్లు గోధుమ, బార్లీ, జొన్న, సజ్జ పండించారు. దక్షిణాన జీజాన్ కొండల్లో కాఫీ, అరటి వేశారు. అదీ చదునైన చేలల్లో కాదు, మేకలు ఎక్కే వాలు మీద.

వాలు మీద పడ్డ వాన రెండు పనులు చేస్తుంది. ముందు చినుకు దెబ్బకు మట్టి రేణువు ఊడి పైకి ఎగురుతుంది. తర్వాత పారే నీరు దాన్ని ఎత్తుకుపోతుంది. నీటి వేగం రెండింతలైతే దాని దెబ్బ నాలుగింతలవుతుంది. అందుకే వాలు పొడుగునా సాళ్లు తీసిన చేనులో ప్రతి సాలూ ఒక చిన్న కాలువై, రెండు మూడు వానలకే మట్టిని కోసేస్తుంది. ఈ కొండల్లో వాన తీరు కూడా మంచిది కాదు. నెలల తరబడి ముసురు పట్టదు. ఏ సాయంత్రమో ఉరుముతూ వచ్చి, కుండపోతగా కురిసి, రాత్రికి ఆకాశం తేటపడుతుంది. ఆ గంటలో మట్టిని నిలబెట్టుకున్నవాడికే వచ్చే ఏడు పంట. ఒక అంగుళం పైమట్టి తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుందని భూసార శాస్త్రం చెప్పేదాకా ఆగాల్సిన పని ఆ రైతుకు లేదు. పోయిన మట్టి తిరిగి రాదని అతను కళ్లారా చూస్తూనే ఉన్నాడు.

దానికి అతను కనిపెట్టిన ఉపాయం మెట్ల పొలం. అరబ్బీలో ముదర్రజాత్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే మెట్టకు మెట్లు కట్టడం.

కొండ వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తులో సాగే గీత ఒకటి ఉంటుంది. ఆ గీత వెంట ఎంత దూరం నడిచినా ఎక్కినట్టూ ఉండదు, దిగినట్టూ ఉండదు. మన వ్యవసాయ అధికారులు కాంటూరు అనేది దాన్నే. సర్వే పరికరాలు లేని కాలంలో ఆ గీతను పట్టుకోవడానికి నీళ్లను మించిన మట్టపు బద్ద లేదు. మడిలో వాన నీరు ఒక మూలకే చేరిందంటే ఆ మూల పల్లం. అక్కడ మట్టి పోసి, మళ్లీ వానకు చూసుకోవాలి. రెండు మూడు కార్లు గడిచేసరికి మడి సమానమవుతుంది.

గోడ కట్టడంలో అసలు నేర్పు ఉంది. గట్టి నేల తగిలేదాకా పునాది తవ్వి, బరువైన రాళ్లు కింద వేస్తారు. పైకి వెళ్లేకొద్దీ గోడ కొండవైపు కొంచెం ఒరుగుతుంది. నిటారుగా నిలబెడితే వెనకున్న తడిమట్టి బరువుకు ముందుకు తూలుతుంది. సున్నం లేదు, సిమెంటు లేదు, అడుసు కూడా లేదు. రాయి మీద రాయి ఒద్దికగా కూర్చోవాలి, అంతే. ఇది పేదరికం వల్ల చేసిన పొదుపనుకుంటే పొరపాటే. సిమెంటు గోడ వెనక నీరు నిలిచి, బయటికి దారి లేక, ఒక రోజు గోడనే తోసేస్తుంది. పొడిరాతి గోడ సందుల్లోంచి నీరు ఊరుతుంది, మట్టి మాత్రం ఆగుతుంది. ఆ వడపోత సరిగా జరగాలనే గోడ వెనక నేరుగా మట్టి పోయరు. ముందు చిన్న రాళ్లు, గులకరాళ్లు నింపి, ఆ తర్వాత మట్టి. గోడ తల మడి కన్నా కొంచెం ఎత్తులో ఉంటుంది, నీరు నిలవాలి కాబట్టి. అయితే నిలిచిన నీరు మితిమీరితే పొర్లిపోవడానికి ఒక చోట రాళ్లు పరిచిన మొరవ వదులుతారు. అక్కడి నుంచి దిగే నీరు కింది మడిలో రాతి మీదే పడాలి. మెత్తటి మట్టి మీద పడితే గుంత, గుంత నుంచి గండి. అలా పైమడి తాగి వదిలిన నీరు కింది మడికి, అక్కడి నుంచి ఆ కిందికి చేరుతుంది. కొన్ని వాలుల్లో ఈ మెట్లు పదుల కొద్దీ ఉంటాయి. జీజాన్ ప్రాంతపు ఫైఫా కొండ మీద కొన్ని మడులు ఎంత సన్ననివంటే, మనూళ్లో అయితే అరుగు అనుకుంటాం.

ఇంత చెప్పాక అసీర్ ఇళ్ల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పొలానికీ ఇంటికీ సంబంధం ఏమిటని అడగొద్దు, ఉంది. ఆ ఎత్తుల్లో పాత ఇళ్లు మట్టి గోడలవి. మట్టి గోడకు వాన శత్రువు. అందుకని గోడ పొడుగునా, మూరకో రెండు మూరలకో ఒక వరుస చొప్పున, పలకరాళ్లను బయటికి పొడుచుకువచ్చేలా పేర్చారు. దూరం నుంచి చూస్తే ఇల్లు పొలుసులు తొడుక్కున్నట్టు ఉంటుంది. గోడ మీద పడ్డ నీరు కిందిదాకా జారే లోపే పలకరాయి తగిలి, గోడకు దూరంగా చుక్కలై రాలుతుంది. కొండకు కట్టిన మెట్లకూ గోడకు పొదిగిన పలకలకూ సూత్రం ఒకటే: నీటికి పొడుగాటి దారి దొరక్కుండా చెయ్యి, దాని వేగం పుట్టకముందే ఆపు. ఇళ్లు కట్టినవాళ్లూ పొలాలు కట్టినవాళ్లూ వేరే కాదుగదా.

మెట్లు ఎంత బాగున్నా పైన బోడి కొండ ఉంటే లాభం లేదు. అక్కడి నుంచి దిగే వరద మొదటి గోడనే కూల్చి, దాని రాళ్లనే ఆయుధాలుగా చేసుకుని రెండోదాన్ని కొడుతుంది. అందుకే పై వాలుల్లో అడవినీ గడ్డినీ కాపాడే ఏర్పాటు ఒకటి ఉండేది. దాని పేరు హిమా. కాపాడిన చోటు అని అర్థం. ఇస్లాంకు ముందు నుంచీ అరేబియాలో ఉన్న ఆచారమిది. ఊరిదో తెగదో అయిన బీడులో ఫలానా నెలల్లోనే మేపాలని, లేదా మేపకుండా గడ్డి కోసుకోవాలని, పచ్చి చెట్టు నరకకూడదని కట్టుబాట్లు ఉండేవి. తెలంగాణ పల్లెల్లో కంచె అనే మేత బీడు తెలిసినవాళ్లకు హిమా గురించి వేరే చెప్పనక్కర్లేదు. 1950ల్లో అక్కడి ప్రభుత్వం మేతభూములను అందరికీ తెరిచింది. హిమాలు చాలావరకు మాయమయ్యాయి. అందరిదీ అయిన మేత ఎవరికీ పట్టని మేత అయింది. మన కంచెలు ఎలా పోయాయో మనకు తెలుసు. దారి వేరు, చేరిన చోటు ఒకటే.

ఇక మన సంగతికి వద్దాం. కాంటూరు గట్లు మన మెట్ట ప్రాంతాలకు కొత్త కాదు. ప్రభుత్వాలు దశాబ్దాలుగా వేయిస్తూనే ఉన్నాయి. రైతులు దశాబ్దాలుగా దున్నేస్తూనే ఉన్నారు. రైతుకు తెలివిలేదని అధికారులు విసుక్కున్నారు. కానీ పరిశోధకులు జాన్ కెర్, ఎన్.కె. సంఘీ 1992లో ప్రచురించిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. మన మెట్ట రైతులకు నేలకోత గురించి బాగా తెలుసు, వాళ్ల సొంత రాతికట్టలూ ఉన్నాయి. కాకపోతే అవి పొలం హద్దుల మీద ఉంటాయి. అధికారి గీసిన కాంటూరు గీత హద్దులను పట్టించుకోకుండా వంకర్లు తిరుగుతూ ఒకరి చేనులోంచి ఇంకొకరి చేనులోకి పోతుంది. ఆ గట్టు వేస్తే చేను రెండు ముక్కలవుతుంది, మూలల్లో అరక తిరగదు, గట్టు కింద పోయిన నేల నాది, ఆగిన నీరు పక్కవాడిది. ఎవరు ఊరుకుంటారు?

ఇక్కడే సరవాత్ కొండల రైతు మనకన్నా అదృష్టవంతుడు. అతనికి గట్టు, హద్దు, కాంటూరు అని మూడు వేర్వేరు గీతలు లేవు. మూడూ ఒకటే గోడ. పొలమే గోడ వల్ల పుట్టింది కనుక, గోడ ఎటు వంగితే పొలమూ అటే వంగింది. మనకు సర్వే నంబరు ముందు, నీటి దారి తర్వాత. వాళ్లకు నీటి దారే సర్వే. అందుకే గోడ కూలితే రైతు ఒక్క మట్టినే పోగొట్టుకోడు, హద్దునూ పోగొట్టుకుంటాడు. మర్నాడే వచ్చి రాయి ఎత్తి పెట్టడానికి ఇంతకన్నా గట్టి కారణం ఏ పథకమూ ఇవ్వలేదు. తన గోడ కూలితే కిందివాడి గోడా పోతుంది కాబట్టి, కిందివాడి కన్ను కూడా దాని మీద ఉంటుంది.

మన దగ్గర వాటర్‌షెడ్ పథకాలకు దిశ మార్చింది ఒక తెలుగు ఆర్థికవేత్తే. సి.హెచ్. హనుమంతరావు సంఘం 1994లో నివేదిక ఇచ్చింది, 1995 ఏప్రిల్ నుంచి కొత్త మార్గదర్శకాలు అమలయ్యాయి. గట్లు ఎక్కడ వేయాలో ఊరివాళ్లు కూర్చుని తేల్చుకోవాలన్నది అందులో కీలకం. 1999లో శంకర్‌పల్లి దగ్గరి కొత్తపల్లిలో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ చేపట్టిన వాటర్‌షెడ్ ఆ తరహా పనికి పేరు తెచ్చింది. మంచిదే. అయినా నిధులు ఆగాక గట్టు మీద మట్టి వేసేదెవరన్న ప్రశ్న చాలా ఊళ్లలో అలాగే మిగిలింది.

ఆ ప్రశ్న సరవాత్‌కూ తప్పలేదు. అక్కడ నిధులు ఆగడం వల్ల కాదు, డబ్బు వరదలా రావడం వల్ల. 1970ల నుంచి చమురు డబ్బుతో జిద్దా, రియాద్‌లలో ఉద్యోగాలు పుట్టాయి. కొండల్లో కుర్రాళ్లు కిందికి దిగారు. మరోపక్క దేశపు గోధుమ ఎడారి నడుమకు మారింది. భూగర్భంలో వేల ఏళ్ల నాటి నీటిని తోడి, గుండ్రంగా తిరిగే పెద్ద పైపులతో చల్లి, 1990ల మొదటికల్లా సౌదీ గోధుమను ఎగుమతి చేసే స్థాయికి వెళ్లింది. విమానంలోంచి చూసినవాళ్లకు ఆ పచ్చటి గుండ్రాలు గుర్తుండే ఉంటాయి. నీళ్లు అడుగంటుతుంటే 2008లో ప్రభుత్వం వెనక్కి తగ్గి, 2016 నాటికి గోధుమ సేకరణ ఆపాలని నిర్ణయించింది. ఒక మనిషి జీవితకాలం కూడా నిలవని గుండ్రాల కోసం, తరాలు నిలిచిన గీతలను వదిలేశారు. లెక్కల పుస్తకంలో ఆ గోధుమకు అయిన ఖర్చు రాసుకున్నారు గానీ, కొండ మీద కూలిన గోడల ఖర్చు ఎవరి పద్దులోనూ పడలేదని నా అనుమానం.

వదిలేసిన మెట్ల పొలం మామూలు కొండలా మారిపోదు. అంతకన్నా అధ్వాన్నమవుతుంది. ముందు మొరవ దగ్గర ఒక రాయి జారుతుంది. వచ్చే వానకు నీరు అక్కడే దారి చేసుకుంటుంది. గోడ ఉబ్బుతుంది, పొట్ట పడుతుంది, ఒక రాత్రి కూలుతుంది. తాతలు పోగుచేసిన మట్టి అంతా వదులుగా, లోతుగా ఉంటుంది కనుక సహజమైన వాలు కన్నా వేగంగా కొట్టుకుపోతుంది. అది వాదీల్లో, అంటే వానకే పారే వాగుల్లో పడి ఆనకట్టల అడుగున చేరుతుంది. కొంత కింద తిహామా మైదానంలో పొలాలకు ఒండ్రు అవుతుందనుకోండి. అక్కడి రైతులు కొండ వరదకు అడ్డకట్టలు వేసి, ఆ బురదనీటిని మళ్లించుకునే సేద్యం చేసేవాళ్లు. పైవాడి నష్టం కిందివాడి ఎరువు కావడం లోకంలో ఉన్నదే. కానీ మెల్లగా దిగే ఒండ్రు వేరు, రాళ్లతో సహా ఒక్కసారిగా దిగే వరద వేరు.

ఇప్పుడు మళ్లీ ఆ గోడల వైపు చూపు మళ్లింది. కారణం మట్టి మీద ప్రేమ ఒక్కటే అనలేను. కాఫీ. జీజాన్ కొండల్లో ఖౌలాన్ తెగలవాళ్లు మూడు వందల ఏళ్లకు పైగా పెంచుతున్న ఖౌలానీ కాఫీ సాగు విధానాన్ని 2022లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. విత్తనాన్ని జాలీ సంచుల్లో మట్టి, ఇసుక కలిపి నాటి, మూడు నాలుగు నెలలు నీడలో ఉంచి, తర్వాత మెట్ల పొలాలకు మారుస్తారు. రెండు మూడేళ్లకు కాపు. అదే ఏడాదిని సౌదీ కాఫీ సంవత్సరంగా ప్రకటించారు, ప్రభుత్వ పెట్టుబడి నిధి ఒక కాఫీ కంపెనీనే పెట్టింది. పంటకు ధర ఉంటే రాయి ఎత్తేవాడు దొరుకుతాడన్న లెక్క అది. తప్పు లెక్కేమీ కాదు. గోధుమకు, సజ్జకు ఆ ధర రాదు కాబట్టే ఆ మడులు బీడుపడ్డాయి. కాఫీ చెట్టు ఇంకో మేలు కూడా చేస్తుంది: ఏటా దుక్కి అడగదు, వేళ్లు గోడ వెనక మట్టిని ఏళ్ల తరబడి పట్టుకుని ఉంటాయి.

ఈ కాఫీకి మనతో చుట్టరికం ఉంది. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే ఫకీరు హజ్ నుంచి తిరిగొస్తూ యెమెన్ రేవు నుంచి కొన్ని గింజలు దాచి తెచ్చి, చిక్కమగళూరు కొండల్లో నాటాడని కథ. ఖౌలానీ కాఫీ పెరిగే కొండలు యెమెన్ కాఫీ కొండలకు కొనసాగింపే. అరకులో ఇవాళ పండే అరబికా కూడా ఆ జాతిదే. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన అరకు కాఫీ తోటలు రాతి మెట్ల మీద ఆధారపడవు. సిల్వర్ ఓక్ నీడ, దాని మీద పాకిన మిరియాల తీగ, కింద మందంగా పరుచుకున్న రాలుటాకు. చినుకు ముందు ఆకు మీద పడి, ఆ తర్వాత మెత్తగా రాలుటాకు మీదకు జారుతుంది. అక్కడ రాయి చేసే పని ఇక్కడ ఆకు చేస్తోంది. మెట్లు కట్టే విద్య మన కొండలకూ తెలియనిది కాదు. తూర్పు కనుమల్లో సవరలు వాగు నీటిని పట్టుకుని కట్టిన వరి మడులు రాతి పనికి, మట్టం తీసిన తీరుకు ఎక్కడికీ తీసిపోవు.

మెట్ట చేనులో కాంటూరు పట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. రెండు సమానమైన కర్రలను పైన కలిపి, నడుమ అడ్డకర్ర కట్టి, పై ముడి నుంచి దారానికి ఒక రాయి వేలాడదీస్తారు. రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నప్పుడు దారం అడ్డకర్ర నడిమి గుర్తును తాకుతుంది. ఒక కాలిని నిలిపి రెండో కాలిని తిప్పుకుంటూ, తాకిన చోటల్లా మేకు పాతుకుంటూ చేను దాటితే గీత తయారు. దాని వెంట వట్టివేరు నాటినా, రాళ్లు పేర్చినా, కనీసం సాళ్లు ఆ దారిన తీసినా కోత తగ్గుతుంది. మేకులు పాతడం ఒక పూట పని. ఆ గీత పక్కవాడి చేనులోకి పోయే చోట మాత్రం, కర్ర పక్కన పెట్టి అతనితో కూర్చుని మాట్లాడాలి.