సాలు వెంట సాలు

గుడి మైకులో చిన్న గరగర. పూజారి టేపు పెట్టిన చప్పుడు. ఆ వెంటనే నువ్వు వచ్చేస్తావు, ఎం.ఎస్. రామారావు గొంతులోని సుందరకాండా! బత్తలపల్లెలో ఇంకా తెల్లారలేదు. వాకిట్లో కల్లాపి తడి ఆరలేదు. నీలో మాత్రం అప్పటికే వానరులు కడలి ఒడ్డున దిగులుగా కూర్చున్నారు, హనుమంతుడు మహేంద్రగిరి మీద కాలు ఊనుతున్నాడు. సముద్రం చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్న ఊరు మాది. చిత్రావతి ఇసుకలో నాలుగు రోజులు నీళ్లు పారితే పసుపూ కుంకుమా వేసి మొక్కే ఊరు. నూరు యోజనాల నీళ్లను మేము నీ గొంతులోనే చూశాం.

నిన్ను కన్నవాడు 1921లో గుంటూరు జిల్లా మోపర్రులో పుట్టాడు. 1944లో ‘తహసీల్దార్’ సినిమాకు పాడి, తెలుగులో తొలి నేపథ్యగాయకుడన్న పేరు తెచ్చుకున్నాడు. నల్లపిల్ల మీద పాట కట్టాడు, తాజ్‌మహల్ మీద కట్టాడు. ఒకనాడు సినిమా దూరమైంది. వాయుసేనలో ఉన్న కొడుకు జాడ యుద్ధవేళ తెలియకపోతే ఆ తండ్రి హనుమాన్ చాలీసాను తెలుగు చేసుకుని పాడుకున్నాడని అంటారు. 1970లలో నిన్ను రాశాడు. వాల్మీకి అరవై ఎనిమిది సర్గలను తేట తెలుగులోకి దించుకున్నాడు. రాసింది ఆయనే, వరస కట్టింది ఆయనే, పాడింది ఆయనే. అందుకే నీలో మాటకూ స్వరానికీ నడుమ సందు దొరకదు. ‘సుందరదాసు’ అన్నారు జనం. ఆ పేరు ఆయనకు అమరినట్టు మరో బిరుదు ఎవరికీ అమరలేదని నా నమ్మకం.

ఒకే వరస. ఎంతసేపు విన్నా అదే వరస, చరణం చివర మళ్లీ అదే పల్లవి. పట్నంలో ఒక మిత్రుడు ఇది విసుగు కాదా అని అడిగాడు. అతడు గొర్రు వెనక నడిచినవాడు కాదు. చేను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా సాలు, మళ్లీ తిరిగి సాలు. ఎద్దులూ అవే, అడుగులూ అవే. ప్రతి సాలులో పడే గింజ మాత్రం వేరు. నీ వరసలో అలాగే ఒకసారి మైనాకుడు పడతాడు, ఒకసారి సురస, ఒకసారి లంకిణి. గమకాలతో మెరిపించాలన్న ఆరాటం ఆ గొంతుకు లేదు. ప్రతి అక్షరమూ అక్షరంగా వినిపించాలన్నదే దాని పట్టుదల. చదువు రాని మా అవ్వకు శింశుపా వృక్షమన్న మాట నోరు తిరిగిందంటే అది నీ చలవ.

జూన్ నెలలో ఇళ్లలో విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుంటే నడుమ కాయల కుప్ప, గూట్లో నువ్వు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానైనా సరిగా పడని నేల ఇది. జూలై దాటేలోగా పదును దొరకాలి. పూత పూసి ఊడలు దిగే వేళ మళ్లీ ఒక వాన పడాలి, లేకుంటే ఊడ గట్టి మన్నులో దిగదు, కాయ కట్టదు. నెల రోజులకు మించి బతకనని నీలో సీతమ్మ గడువు చెబుతుంది. గడువంటే ఏమిటో ఆ ఒలిచే చేతులకు తెలుసు. మగడు బెంగళూరుకు కూలికి పోయిన ఇల్లాలు ఆ చోట కాయ ఒలవడం ఆపేస్తుంది.

కరువు నేలలకు ఇలాంటి గొంతులు ఎక్కడైనా పుడతాయేమో. బ్రెజిల్ ఈశాన్యాన మనలాంటి ఎండునేల ఉంది. 1947లో అక్కడి లూయిజ్ గొంజాగా, వాన లేక ఊరు విడిచినవాడు వాన పడితే తిరిగి వస్తానని ప్రియురాలికి మాట ఇచ్చే పాట పాడాడు. ఆ దేశమంతా దాన్ని గుండెలో పెట్టుకుంది. అది పోయినవాడి మాట. నువ్వేమో ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ల దగ్గరికి జాడ మోసుకొచ్చేవాడి మాట.

ఆ జాడ మొదలైంది కూడా మా దిక్కునే అంటారు. రెక్కలు తెగిన జటాయువు పడింది మా లేపాక్షిలోనేనని పెద్దలు చెబుతారు. కసాపురం, మురడి, నేమకల్లు ఆంజనేయులు ముగ్గురినీ శ్రావణంలో ఒకే రోజున దర్శించుకునే జనం బస్సుల్లో నిన్నే పెట్టుకుని పోతారు. ధర్మవరం మగ్గాల సందుల్లో పలక చప్పుడుకు నీ తాళం కలిసిపోతుంది.

టేపు ఒక పక్క అయిపోతుంది. తిప్పి పెట్టేలోగా అవ్వ చాటను అలాగే ఒళ్లో పట్టుకుని, చెరగడం మాని నా వైపు చూస్తుంది.

“ఉంగరమిచ్చినాడా నాయనా?”

ఇచ్చినాడని ఆమెకు తెలుసు. అయినా ప్రతిసారీ అడుగుతుంది.