సున్నా నీళ్లు

"నీళ్లలోంచి ఉప్పంతా లాగేసి, మళ్లీ డబ్బులు పెట్టి ఉప్పు కొని కలుపుతున్నావా? ఇదేం చోద్యంరా!" అంది మా పెద్దమ్మ, బాల్కనీలో నా సరంజామా చూసి. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. సముద్రపు చేపల తొట్టి పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. తీసే ఉప్పు వేరు, వేసే ఉప్పు వేరు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఆ తీసే పని వెనక ఎంత పనితనం ఉందో ఒకసారి విప్పి చూసినవాడికి ఒక్క ముక్కతో ఊరుకోబుద్ధి కాదు.

మాది హైదరాబాదులో బోరు నీళ్ల మీద నడిచే అపార్ట్‌మెంటు. కుళాయి నీళ్లలో టీడీఎస్ మీటరు ముంచితే 600 చూపిస్తుంది. అంటే లీటరుకు దగ్గర దగ్గర 600 మిల్లీగ్రాముల లవణాలు. తొట్టి 200 లీటర్లది. ఎండాకాలంలో రోజుకు రెండు లీటర్లు ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. ఆ లోటును బోరు నీళ్లతో పూడిస్తే రోజుకు 1.2 గ్రాముల చొప్పున, ఏడాదంతా అదే లెక్కైతే, 438 గ్రాముల పరాయి లవణాలు తొట్టిలో చేరతాయి. వాటిలో నైట్రేటు నాచును మేపుతుంది. సిలికా గోధుమ రంగు జిగురును మేపుతుంది. పాత ఇత్తడి, రాగి అమరికల నుంచి ఏ కాస్త రాగి దిగినా చేప తట్టుకుంటుందేమో గానీ రొయ్య, పగడం తట్టుకోవు. చేపల జబ్బుకు మందుగా వాడే రాగి మోతాదే రొయ్యకు విషం.

నేను మొదట్లో వంటింటి ఆర్‌ఓ నీళ్లే పోశాను. ఫిల్టరు నీళ్లు కదా అనే ధీమా. మూడు వారాలకల్లా తెల్లటి ఇసుక మీద కాఫీ డికాక్షన్ ఒలికినట్టు మరకలు. అప్పుడు మీటరు ముంచి చూస్తే 90. తాగే నీళ్లు మరీ చప్పగా ఉండకూడదని ఆ యంత్రంలో చిన్న మర ఒకటి పెడతారు. అది కుళాయి నీళ్లను కాస్త పక్కదారిన తెచ్చి కలుపుతుంది. మనిషికి అది సదుపాయమే. తప్పు యంత్రానిది కాదు, అడగకుండా పోసిన నాది. వీధిలో అమ్మే ఇరవై లీటర్ల బబుల్ నీళ్ల కథా దాదాపు ఇంతే. బ్యాటరీలో పోసే నీళ్లు మంచివైతే పనికొస్తాయి గానీ, 200 లీటర్లకు సీసాలు కొనడం తెలివైన బేరం కాదు.

ఆర్‌ఓ గుండెకాయ మెంబ్రేన్. అరిగిపోయినదాన్ని పారేయబోతూ హాక్సా బ్లేడుతో కోశాను. పన్నెండు అంగుళాల పొడవు, రెండంగుళాల లోపు మందం. పైన టేపు, దాని లోపల చుట్ట చుట్టినట్టు బిగువుగా చుట్టిన పొరలు. నేల మీద పరిచి చూస్తే అది అచ్చం దిండు గలీబు. రెండు తెల్లటి పొరలను వీపు వీపు ఆనించి, మధ్యలో సన్నటి గుడ్డ పెట్టి, మూడు వైపులా జిగురుతో మూసేశారు. తెరిచి ఉన్న నాలుగో వైపును చిల్లులున్న గొట్టానికి అతికించారు. గలీబు మడతల మధ్య ప్లాస్టిక్ వల ఒకటి. నీళ్లు ఆ వలలో పొడవునా పరుగెత్తుతాయి. వల దారాలకు తగిలి సుడి తిరుగుతుంటాయి కాబట్టి లవణాలు పొర మీద పేరుకునే సందు తక్కువ. పొర దాటిన నీరు మాత్రం గలీబు లోపల చుట్టూ చుట్టూ తిరిగి నడిమి గొట్టంలోకి చేరుతుంది. ఒక్క కుట్టు లేదు, ఒక్క మేకు లేదు. జిగురు గీత ఒక్కచోట తప్పినా మొత్తం వ్యర్థమే.

అసలు పని చేసే పొర ఆ తెల్లటి కాగితం కాదు. దాని మీద కంటికి కనిపించని పూత. వెంట్రుక మందంలో కొన్ని వందల్లో ఒక వంతు. అది తయారయ్యే తీరు వింటే నాకు ఆత్రేయపురం పూతరేకు గుర్తొస్తుంది. రేకు కుండ మీద క్షణంలో పుడుతుంది. ఈ పూత నీళ్లు, నూనెలాంటి ద్రావకం కలిసే గీత మీద పుడుతుంది. ఒక రసాయనం నీళ్లలో ఉంటుంది, రెండోది ద్రావకంలో. రెండూ తాకిన చోట పూత గడ్డకడుతుంది. గడ్డకట్టిన పూతే మధ్యలో గోడగా నిలిచి ఆ రెండింటినీ విడదీస్తుంది. దాంతో అది ఇంకా మందం కాకుండా తనంతట తానే ఆగిపోతుంది. ఇంత పలచగా చేయాలని ఏ చెయ్యీ కొలవలేదు. నేను చూసిన పనితనాల్లో దీన్ని మించింది లేదు.

ఈ దారి తెరిచినవాళ్లలో మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ ఒకరు. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, 1960 ప్రాంతంలో, సిడ్నీ లోబ్‌తో కలిసి ఆయన ఒక పక్కన మాత్రమే బిగువైన చర్మం ఉన్న పొరను తయారు చేశారు. అంతకు ముందువి నీళ్లను చుక్కా చుక్కా వదిలేవి. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా పట్టణం ఆ పద్ధతిలో ఉప్పునీళ్లను శుద్ధి చేసుకుంది. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న పలచటి పూత రసాయన శాస్త్రవేత్త జాన్ కడాట్ 1970ల చివర్లో సాధించినది.

అయినా మెంబ్రేన్ ఒక్కటే మీటరును సున్నాకు తేలేదు. నూటికి 95 నుంచి 98 పాళ్లు ఆపుతుంది. మా 600లో 12 నుంచి 30 దాకా జారిపోతాయి. అక్కడ డీఐ, అంటే డీఅయనైజేషన్, అందుకుంటుంది. పారదర్శకమైన గొట్టంలో ఆవగింజ కన్నా చిన్న గుళికలు, రెండు రకాలు కలగలిపి. ఒక రకం కాల్షియం, సోడియం లాంటివాటిని పట్టుకుని హైడ్రోజన్‌ను వదులుతుంది. రెండోది క్లోరైడు, నైట్రేటు లాంటివాటిని పట్టుకుని హైడ్రాక్సైడును వదులుతుంది. వదిలిన ఆ రెండూ కలిసి నీరవుతాయి. పట్టుకున్న దొంగకు బదులుగా నీటినే ఇచ్చే కాపలాదారు ఇంకెక్కడైనా ఉన్నాడా! 600 టీడీఎస్ నీళ్లు నేరుగా డీఐలోకి వదిలితే గుళికలు ఇరవై, యాభై రెట్లు త్వరగా చచ్చిపోతాయి. అందుకే ముందు ఆర్‌ఓ, తరవాత డీఐ.

ఇక్కడే ఒక మెలిక. బోరు నీళ్లలోని కార్బన్ డయాక్సైడు వాయువు కాబట్టి మెంబ్రేన్‌ను దర్జాగా దాటి వచ్చి గుళికలను తినేస్తుంది. ఆర్‌ఓ నీళ్లను ఒక రాత్రి డ్రమ్ములో గాలి బుడగలతో ఉంచి, మర్నాడు డీఐలో పోస్తే గుళికల ఆయుష్షు పెరుగుతుంది. ఇంకోటి: గుళికలు అలిసిపోయినప్పుడు ముందుగా చేయి వదిలేది సిలికానే. మీటరు కొలిచేది నీటిలో కరెంటు పారే తీరును. సిలికా ఆ లెక్కకు దాదాపు చిక్కదు. మీటరు సున్నా చూపిస్తూనే ఉంటుంది, ఇసుక మళ్లీ గోధుమ రంగు ఎక్కుతుంది. అందుకే నేను రెండు డీఐ గొట్టాలు వరసగా పెట్టాను. రంగు మారే గుళికలు మొదటిదానిలో నీలం నుంచి తేనె రంగుకు తిరగగానే దాన్ని మార్చేసి, రెండోదాన్ని ముందుకు జరుపుతాను.

రాత్రంతా ఆగిన యంత్రంలో లవణాలు మెంబ్రేన్‌కు రెండు వైపులా సర్దుకుంటాయి. ఉదయం మొదటి లీటరులో మీటరు పెడితే తెలుస్తుంది, అది డీఐకి పంపే సరుకు కాదు. అందుకే కొంచెం కొంచెంగా కాకుండా ఒకేసారి ఓ డ్రమ్ము పట్టుకోవడం మేలు. మెంబ్రేన్ దాటకుండా పక్క గొట్టంలోంచి పోయే నీళ్లు, పట్టుకున్న ప్రతి లీటరుకు మూడు నాలుగు లీటర్లు. మా ఇంట్లో నేల తుడుపుకు అవే.

సున్నా నీళ్లు చేతికొచ్చాక, ఆవిరి లోటుకు కాకుండా కొత్తగా నింపేందుకైతే, లీటరుకు 35 గ్రాముల అక్వేరియం ఉప్పు కలుపుతాను, నీళ్లలో ఉప్పు వేస్తూ, మోటారు తిప్పుతూ. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లటి మడ్డిగా విరిగిపోతుంది.

కొనబోయేవారికి ఒక్క మాట. మీ కుళాయి నీళ్లలో, మెంబ్రేన్ దాటాక, డీఐ దాటాక, మూడు చోట్లా మీటరు ముంచి చూసే వీలు ఉందో లేదో అడగండి. ఆ వీలు లేని యంత్రం ఎంత చవకకు వచ్చినా తీసుకోకండి.