బడిలో మౌనం ఎవరి లోపం?

మన విశ్వవిద్యాలయాల్లో గిడుగు రామమూర్తి పంతులుగారు తెలుగుశాఖ సొత్తు. బేసిల్ బెర్న్‌స్టీన్ విద్యాశాఖ సొత్తు. తెలుగు ఎం.ఏ. విద్యార్థి గిడుగును గద్యశైలి చరిత్రలో ఒక అధ్యాయంగా చదివి దాటిపోతాడు. ఎం.ఎడ్. విద్యార్థి బెర్న్‌స్టీన్‌ను విద్యాసామాజికశాస్త్రం పేపర్లో ఒక లఘుప్రశ్నగా బట్టీపడతాడు. సమాజం, సంస్కృతి, భాష కలిసి చదువును ఎలా మలుస్తాయన్న అసలు ప్రశ్న ఈ రెండు గదుల మధ్య వరండాలో పడివుంది. తెలుగు ఎం.ఏ. చదివి బడిపిల్లలకు పాఠం చెప్పుకునేవాణ్ణి కనక ఆ వరండాలో నిలబడే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వ్యావహారిక భాషోద్యమం పుట్టింది బడిలో. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడి పెట్టారు. (ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర సహా ఎనిమిది భాషల్లో వాచకాలు వేయడానికి 2000 తర్వాతి దశకం దాకా పట్టింది.) స్కూళ్ల తనిఖీ అధికారి జె.ఎ. యేట్సుకు తెలుగు నేర్పే పద్ధతి మీద కలిగిన సందేహమే గిడుగునూ, గురజాడనూ, పి.టి. శ్రీనివాస అయ్యంగారినీ ఒకచోటికి చేర్చింది. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ సమర్పించిన అసమ్మతి పత్రం కూడా పరీక్షలకూ పాఠ్యగ్రంథాలకూ సంబంధించినదే. ఏ భాషలో రాస్తే కుర్రవాడు ప్యాసవుతాడన్న తగాదా అది. దాన్ని మనం సంధి నియమాల తగాదాగా కుదించి పాఠం చెబుతున్నాం.

అయితే ఆ గెలుపుకూ ఒక హద్దుంది. బడిలోకి చివరికి ప్రవేశించింది శిష్ట వ్యావహారికం. ఆ 'శిష్ట' అన్న విశేషణంలోనే వర్గం దాగివుంది. మధ్యకోస్తా చదువరుల పలుకు ప్రమాణమై కూర్చుంది. తెలంగాణా, రాయలసీమ, ఉత్తరాంధ్రల పలుకులు 'యాస'లయ్యాయి.

ఇక బెర్న్‌స్టీన్. సందర్భంతో పెనవేసుకున్న మాటతీరును పరిమిత సంకేతమనీ, సందర్భం నుంచి విడదీసి విప్పి చెప్పే తీరును విస్తృత సంకేతమనీ ఆయన అన్నాడు. శ్రామిక కుటుంబాల పిల్లలు మొదటిదానికి అలవాటుపడి ఉంటారనీ, బడి మాత్రం రెండోదాన్నే కోరుతుందనీ ఆయన వాదన. దీన్ని చాలామంది 'కూలివాడి పిల్లకు భాష చాలదు' అని చదువుకున్నారు. 1970లో ఆయనే ఈ పఠనాన్ని ఖండించాడు. లోటు పిల్లవాడి ఇంట్లో ఉందని చెప్పి బడిని తప్పించే 'పరిహార విద్య' అన్న మాటే తప్పన్నాడు. మన నోట్సుల్లోకి మాత్రం ఆ ఖండన ఎక్కలేదు.

ఆ తప్పు పఠనానికి గట్టి జవాబు న్యూయార్కు నుంచి వచ్చింది. విలియం లెబోవ్ 1969 నాటి వ్యాసంలో హార్లెం నీగ్రోవాడకు చెందిన ఎనిమిదేళ్ల లియాన్ కనిపిస్తాడు. ప్రశ్నలడిగే మనిషి కూడా హార్లెంలోనే పెరిగిన నల్లజాతివాడు. అయినా లియాన్ ఒక్కొక్క ముక్కతో సరిపెట్టాడు. మరోసారి ఆ మనిషి బంగాళాదుంప చిప్సు తెచ్చాడు. లియాన్ నేస్తాన్ని పిలుచుకొచ్చాడు. తానూ నేలమీద చతికిలబడి, పెద్దల ముందు అనకూడని మాటలు తానే మొదలెట్టాడు. అంతే, పిల్లలిద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ గలగలా మాట్లాడారు. జాతి ఒకటైనంత మాత్రాన చాలలేదు, ఎత్తు తగ్గాల్సివచ్చింది. పిల్లవాడి మౌనాన్ని భాషాదారిద్ర్యంగా లెక్కగట్టిన పరీక్షలన్నిటికీ ఇది జవాబు.

కాని లెబోవ్ దగ్గర కూడా నాకొక పేచీ ఉంది. మర్నాడు లియాన్ మళ్లీ తరగతికే వెళతాడు. అక్కడ పంతులు నేలమీద కూర్చోడు. మాండలికానికి తర్కం ఉందని రుజువైనా ప్రశ్నపత్రం తయారుచేసే చేయి మారదు. ఈ చోట బెర్న్‌స్టీన్ మాటే నిలుస్తుంది: సమాజపు లోటును విద్య ఒక్కటే పూడ్చలేదు.

మన పరిశోధన ఈ దారిలో ఎంతదూరం వచ్చింది? భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం వెలువరించారు. మేడి, కర్రు, కాడి వంటి రైతుల మాటలు జిల్లాల వారీగా అందులో ఉన్నాయి. గొప్ప పని. తర్వాతివాళ్లు చాలామంది పదాల పట్టికల దగ్గరే ఆగిపోయారు. ఆ మాటలు వచ్చిన పిల్లవాడు తరగతిలో ఎందుకు నోరెత్తడో వెతకలేదు.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చే ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అప్పుడు మన రచయితలు మాతృభాష పేరుతో చాలా రాశారు. మాతృభాషలో బోధన కావాలనేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయినా ఇంగ్లీషు కావాలన్న దళిత, బహుజన తల్లిదండ్రులను మోజుపడ్డవాళ్లని ఎగతాళి చెయ్యడం అన్యాయం. పుస్తకంలోని తెలుగు ఆ పిల్లవాడి తల్లి మాట్లాడే తెలుగేనా? కానప్పుడు ఆమె దాన్ని ఎందుకు పట్టుకు వేలాడాలి?

రచయితలం కూడా ఈ బడి పద్ధతినే పాటిస్తున్నాం. సంభాషణలు పాత్రల యాసలో, కథనం మన శిష్టభాషలో. పాత్ర మాట్లాడుతుంది, రచయిత వివరిస్తాడు, అచ్చం తరగతిలో లాగే. నామిని 'పచ్చనాకు సాక్షిగా'లో కథనాన్ని కూడా చిత్తూరు పలుకుకే అప్పగించాడు. దాన్ని ఎం.ఏ.లో మాండలిక సాహిత్యం కిందే చెబుతారు. 'ఎం.ఎడ్.'లో ఎందుకు చెప్పరు? ఒక్క ఏడాది ఒక్క తరగతిలో కూర్చుని, ఎవరు నోరు విప్పారో, ఎవరి వాక్యాన్ని పంతులు దిద్దాడో, ఎవరిని అడక్కుండా దాటిపోయాడో రాసిపెట్టే సిద్ధాంతగ్రంథానికి తెలుగుశాఖ, విద్యాశాఖ కలిసి పర్యవేక్షణ ఎందుకు వహించకూడదు?